నీళ్లకంటే ముందు

లాజరు అన్నం కూడా నిలబడే తినేవాడు. నిలబడి అనడం కూడా తప్పే, కంచం ఎడంచేత్తో పట్టుకుని పెరట్లో ఈ కొసనుంచి ఆ కొసకి తిరుగుతూ తినేవాడు. పెళ్లయిన కొత్తలో పాపాయమ్మ పీట వేసి, మంచినీళ్లు పెట్టి, చేపల పులుసు వడ్డించి తలెత్తి చూస్తే పీట మీద మనిషి ఉండేవాడు కాదు. "ఈయనకి కూడెట్టాలంటే గరిటె పట్టుకుని వెనకాల పరిగెత్తాలమ్మా," అని పుట్టింట్లో చెప్పుకుని, మూడో నెలకి ఆ పీటని అటకెక్కించేసింది.

చర్చిలో మరీ ఇబ్బంది. ప్రసంగం తక్కువలో తక్కువ గంట. అందరూ చాపల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుంటే, లాజరు గోడకి ఆనుకుని ఈ కాలూ ఆ కాలూ మార్చుకుంటూ ఉండేవాడు. చివరికి గంట కొట్టే పని అడిగి మరీ పుచ్చుకున్నాడు. గంట కొట్టేవాడు బయట ఉండొచ్చు గదా! పాస్టరు అయ్యగారు ఓ ఆదివారం పట్టుకుని, "లాజరూ, పరలోకంలో కూడా ఇలాగే తిరుగుతావా?" అని అడిగారు. "అక్కడ కాలవ గట్టేమన్నా ఉంటే తిరుగుతానండయ్యగారూ, లేపోతే కష్టమేనండి," అన్నాడు.

ఇలాంటి మనిషికి దేవుడే వెతికి ఇచ్చినట్టు పంతొమ్మిది వందల అరవై మూడులో కాలవల శాఖలో లస్కరు పని దొరికింది. లస్కరంటే రోజూ గట్టు వెంట తిరిగి తూములూ, గండ్లూ, నీటిమట్టమూ చూసుకునేవాడు. మిగతా లస్కర్లు సైకిళ్లు కొనుక్కున్నారు. లాజరు పరిగెత్తేవాడు. మోకాళ్ల పైకి ఖాకీ నిక్కరు, నెత్తికి తుండుగుడ్డ, చేతిలో తూముల తాళాల గుత్తి. కొత్తపేట నుంచి దిగువకి ఆ గుత్తి చప్పుడు వినపడితే ఆడవాళ్లు పొయ్యి రాజేసుకునేవారు. వాచీలున్నవాళ్లు వాచీలు దిద్దుకునేవారు.

కానీ ఏడాదంతా ఒక ఎత్తు, జూన్‌లో ఆ ఒక్కరోజూ ఒక ఎత్తు. ఎండాకాలం మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. అడుగు కనపడేదాకా ఎండిపోతాయి. జూన్‌లో ఓ తెల్లవారుజామున పైనున్న లాకుల తలుపులు ఎత్తి నీళ్లు వదులుతారు. ఆ మొదటి నీళ్లు శివారు రైతులకి అందాలని కట్టుబాటు. మురమళ్ళ దిగువన, కాలవ చచ్చిపోయే చోట ఉన్న పొలాలవి. ఎగువవాళ్లు ఊరుకుంటారా? ఎవరి తూము వాళ్లు తెరుచుకుంటే శివారుకి తడి కూడా చేరదు. అందుకని నీళ్ల కంటే ముందు లస్కరు వెళ్లాలి. దారిలో ప్రతి తూముకీ అడ్డుపడ్డ చెత్త తీసి, తలుపు దించి, తాళం వెయ్యాలి. ఇరవై మైళ్లు, ముప్ఫై రెండు తూములు. నీళ్లకి అలుపు లేదు, ఆకలి లేదు, తూము దగ్గర ఆగే పని లేదు. తలుపు దించేలోగా నీళ్లు వచ్చేశాయా, అయిపోయింది. "వచ్చిన గంగమ్మని వెనక్కి పంపుతావటయ్యా?" అని రైతులు అడ్డంగా నిలబడతారు.

నిజానికి అది నలుగురు లస్కర్ల పని. ముగ్గురు పెద్దమనసుతో లాజరుకి వదిలేశారు. పొద్దున్న అయిదింటికి బయల్దేరితే సందెవేళకి శివారు చేరేవాడు. అక్కడ వీరాయమ్మ అనే రైతు ఇత్తడి చెంబుతో బెల్లం పానకం పట్టుకుని గట్టు మీద నిలబడి ఉండేది. భర్త పోయాక నాలుగెకరాలూ తనే చేసుకునేది. లాజరు పానకం తాగడం పూర్తయ్యాక, అరగంటకో గంటకో, నీళ్లు నురగతో, గడ్డీగాదంతో మెల్లగా వచ్చేవి. అదీ నీళ్ల పందెం. పదమూడేళ్లు లాజరు ఒక్కడే పరిగెత్తాడు, ఒక్కసారీ ఓడలేదు.

డెబ్భయ్యారులో బాపిరాజు తోడయ్యాడు. ముప్ఫై అయిదెకరాల వరి, కొబ్బరితోట, కొత్తపేట దిగువన రాజుల వీధిలో మండువా ఇల్లు ఆయనవి. ముప్ఫై ఎనిమిదేళ్లకే మనిషి ధాన్యం బస్తాలా తయారయ్యాడు. అమలాపురంలో డాక్టరు చక్కెర జబ్బని తేల్చి, నడవమన్నాడు. మర్నాడు పొద్దున్నే ఉసూరుమంటూ గట్టెక్కితే లాజరు ఎదురయ్యాడు.

"ఏరా లాజరూ, ఎవడైనా తరుముతున్నాడా?"

"లేదండి. ఆగితే తోచదండి."

"అయితే ఆగు, నేనూ వస్తాను."

"అదేనండి మరి, ఆగితే తోచదండి. మీరే వచ్చెయ్యండి."

రాజుగారితో అలా మాట్లాడినవాడు అంతకుముందు లేడు. బాపిరాజుకి కోపం రావాలి, నవ్వొచ్చింది. నవ్వుతూనే పరుగు మొదలెట్టాడు. మొదటిరోజు కొబ్బరిచెట్టు నుంచి కొబ్బరిచెట్టుకి. నెలకి మైలు. ఏడాదికి, ఊరివాళ్లు ముక్కున వేలేసుకునేలా, ఎనిమిది మైళ్లు. గౌతమి రేవులో పడవ నడిపే ధర్మరాజు మూడోవాడుగా కలిశాడు. ఆదివారాలు మధ్యాహ్నం పూట ముగ్గురూ గోదావరి ఈదేవారు. బాపిరాజుకి ఈత రాదని తెలిసి ధర్మరాజు చిన్నపిల్లలకి కట్టినట్టు ఆయన వీపుకి రెండు ఎండు కొబ్బరికాయలు కట్టాడు. "రెండు చాలవేమోరా, గెల కట్టు," అన్నాడు బాపిరాజు. మూడు వర్షాకాలాలు గడిచేసరికి గౌతమిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ముగ్గురూ పందెం వేసుకుని ఈదేవారు. పందెంలో ఓడినవాడు మిగతా ఇద్దరి తడిబట్టలూ పిండాలి. రాజుగారు లస్కరు నిక్కరు పిండడం చూసి రేవులో జనం నోళ్లు తెరిచారు. డాక్టరు రక్తపరీక్ష చూసి సంతోషించాడు.

అంతా బాగానే ఉంది గానీ, బూట్ల దగ్గర పేచీ వచ్చింది. రెండో ఏడు బాపిరాజు అమలాపురం వెళ్లి తనకో జత, లాజరుకో జత కాన్వాసు బూట్లు తెచ్చాడు. లాజరు వేసుకున్నాడు కూడా. అయితే గట్టు ఒకచోట తెగి, దారి రాజుల వీధిలోంచి పోతుంది. ఆ వీధి మొదట్లో లాజరు వంగి బూట్లు విప్పి చంకలో పెట్టుకున్నాడు. వీధి దాటాక మళ్లీ వేసుకున్నాడు. ఎవరూ విప్పమనలేదు. వాళ్ల నాన్న ఆ వీధిలో పాలేరుగా బతికినన్నాళ్లూ చెప్పులు చంకలోనే పెట్టుకున్నాడు, తాత అసలు కొననే లేదు. ఆ అలవాటు ఒంట్లో ఉండిపోయింది. మూడోరోజు కూడా అలాగే విప్పబోతుంటే బాపిరాజు అడ్డుపడ్డాడు.

"వేసుకునే రా."

"అలవాటండి. ఏమనుకోకండి."

"నేను చెప్తున్నానుగా!"

అరుగు మీద బాపిరాజు పినతండ్రి చుట్ట కాలుస్తూ చూస్తున్నాడు. లాజరు ఆయన వైపు ఓసారి చూసి బూట్లు విప్పేశాడు. బాపిరాజుకి ఒళ్లు మండిపోయింది. తన బూట్లూ విప్పి రెండూ కాలవలోకి గిరాటేశాడు. "ఈ వీధిలో నువ్వు వేసుకున్నరోజే నేనూ వేసుకుంటాను. అందాకా వట్టికాళ్లే!" అన్నాడు. లాజరు వేసుకోనూ లేదు, రాజుగారు మాట తప్పనూ లేదు. ఇద్దరిదీ పంతమే, ఎవరికి వాళ్లు అవతలివాడు దిగివస్తాడనుకున్నారు. అలా ఏడేళ్లు వట్టికాళ్లతో పరిగెత్తారు.

ఎనభై నాలుగు జూన్ పందెం మబ్బుగా మొదలైంది. పంతొమ్మిదో తూము దగ్గర ఎండిన కాలవలోకి దిగి చెత్త లాగుతుంటే బాపిరాజు అరికాలికి సీసాపెంకు దిగింది. లాజరే చూశాడు, మట్టిలో ఎర్రగా అడుగు పడుతోంది.

"రక్తమండి! నొప్పుందాండి?"

బాపిరాజు కాలెత్తి చూసుకుని, పెంకు ఊడబీకి అవతల పారేశాడు. "చీమ కుట్టినట్టు కూడా లేదురా," అన్నాడు.

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని మురిసిపోయారు. ఏడేళ్ల పరుగుకి పాదం గట్టిపడిపోయిందనుకున్నారు. చక్కెర జబ్బు కాలిలో స్పర్శని తినేస్తుందని వాళ్లకేం తెలుసు? నొప్పి లేదంటే దెబ్బ లేనట్టే లెక్క వేసుకున్నారు. బాపిరాజు తుండుగుడ్డ చింపి కట్టుకున్నాడు. నీళ్లు రెండు ఫర్లాంగుల దూరంలో ఉన్నాయి. "నువ్వు ఫో, నేను మెల్లగా వస్తాను," అన్నాడు. లాజరు పోయాడు. మిగిలిన పదమూడు తూములూ మూశాడు, పానకం తాగాడు, నీళ్లు వచ్చాయి. బాపిరాజు ఆ కాలితోనే బురదలో ఎనిమిది మైళ్లు పరుగూ నడకా కలిపి చీకటిపడ్డాక చేరాడు. అప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

పదిరోజులకి పాదం నీలమైంది. పదిహేనోరోజున కాకినాడ తీసుకెళ్లారు. ప్రాణం దక్కాలంటే తియ్యాల్సిందేనని చీలమండ పైదాకా కాలు తీసేశారు.

లాజరు కాకినాడ బస్సులో కూర్చోలేక డ్రైవరు వెనకాల కడ్డీ పట్టుకుని నిలబడి వెళ్లాడు. ఆస్పత్రి వరండాలో బాపిరాజు భార్య ఆదిలక్ష్మి ఎదురైంది. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"చెప్పులేసుకోమని ఏడేళ్లు మొత్తుకున్నాను లాజరూ. లాజరు వేసుకుంటే వేసుకుంటాననేవారు," అంది. అంతే అంది.

లాజరు గది గుమ్మం దాకా వెళ్లాడు. తెల్లదుప్పటి కింద ఒకవైపు పాదం ఉండాల్సిన చోట చదునుగా ఉంది. లోపలికి అడుగు పడలేదు. వెనక్కి తిరిగి బస్సెక్కి, సగం దారిలో దిగిపోయి, మిగతాదంతా పరుగెత్తుకుంటూ వచ్చేశాడు.

తర్వాత ఏడాదంతా కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. ఎనిమిది మైళ్లు తిరిగేవాడు పదహారు తిరిగాడు. పనిలేని తూముల దగ్గరికి కూడా పోయి వచ్చేవాడు. ఒళ్లు సగమైంది. ఒక్క రాజుల వీధి మాత్రం తొక్కలేదు. వీధి తప్పించడానికి పొలాలకడ్డంపడి, మోకాలిలోతు మురుక్కాలవ దాటి వెళ్లేవాడు. బాపిరాజు మూడుసార్లు కబురు పెట్టాడు. మూడుసార్లూ, "ఆయ్, వస్తానండి," అన్నాడు, వెళ్లలేదు. పాపాయమ్మకి విసుగెత్తింది.

"లోకమంతా తిరిగే కాళ్లకి ఆ ఒక్క గడపే దొరకలేదా? ఆయన చచ్చిపోతే అప్పుడెళతావా?" అంది.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనే?"

"ఉన్న మొహమే పెట్టుకెళ్లు. ఇంకోటుందా నీకు?"

ఎనభై అయిదు జూన్‌లో నీళ్లు వదలడానికి ముందురోజు ధర్మరాజు పొద్దున్నే వచ్చి లాజరు రెక్క పట్టుకున్నాడు. "ఒరే, రాజుగారు రమ్మంటున్నారు. రానంటే మోసుకురమ్మన్నారు. నేను పడవలు మోసేవోణ్ణి, ఆలోచించుకో," అన్నాడు.

బాపిరాజు అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. పక్కన చంకకర్ర ఉంది. తీసేసిన కాలు మీద తువ్వాలు కప్పుకున్నాడు. లాజరు అరుగు కింద నిలబడి తాళాల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"ఏడాది పట్టిందిరా నీకు, మైలు దూరం రావడానికి," అన్నాడు బాపిరాజు.

లాజరు నేల వైపు చూస్తూ గబగబా అనేశాడు. "ఆ బూట్లు నేనేసుకునుంటే మీ కాలుండేదండి. నేనే తీసేసినట్టుందండి."

బాపిరాజు వీధిలోకి చూశాడు. "నువ్వు ఆ బూట్లేసుకుని ఈ వీధిలో ఏడేళ్లు నడిచుంటే నీ కాళ్లుండేవా?" అన్నాడు.

లాజరు తలెత్తాడు.

"నాకు తెలుసురా. మా చిన్నాన్న ఈ అరుగు మీదే కూర్చున్నాడు ఆ రోజు. ఆయన్ని అనాల్సిన మాట అనలేక నీ మీద పంతం పట్టేను. కోపం ఎవరి మీదో, చూపించింది ఎవరి మీదో. కాలు నాది, తప్పూ నాదే. నువ్వు దాన్ని కూడా మోసుకు తిరక్కు, ఆ తాళాల బరువు చాలు నీకు." వెంటనే మాట మార్చాడు. "రేపు నేనూ వస్తున్నాను."

"ఎక్కడికండి?"

"పందేనికి. నువ్వు నీళ్ల ముందు, నేను నీళ్ల వెనకాల. ధర్మరాజు తాటిదోనె తొలిచేడు. ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కిపోతోందిరా నాకు! కేకలేస్తూ వస్తాను, వినుకుంటూ పరిగెత్తు."

ఆదిలక్ష్మి గుమ్మంలోంచి, "చెప్పండి, మీరైనా చెప్పండి లాజరూ," అంది. ఆవిడ నోట మీరు అనే మాట అదే మొదలు. ధర్మరాజు అందుకుని, "సగం దారి దాకా నేను గట్టు మీద తోడొస్తానండమ్మగారూ, తరవాత రేవుకెళ్లాలండి," అన్నాడు.

తెల్లవారుజామున లాకుల తలుపులు లేచాయి. నీళ్లు ముందు నాలుకలా పాకి, తర్వాత అడుగు మందాన, మోకాలు మందాన లేచాయి. ఫర్లాంగు వెనకాల దోనె తేలింది. తాటిబొదె తొలిచిన దోనెలో బాపిరాజు చాచిన కాలూ, లేని కాలూ ముందుకు పెట్టి, తెడ్డు ఊపుతూ గొంతు చించుకున్నాడు. "లాజరో! వస్తున్నానొరేయ్! నడువు!" వంతెనల మీద జనం చేరారు. లాజరు ఒక్కో తూమూ మూస్తూ, ఒక్కో కేకా వింటూ పరిగెత్తాడు. ఏడాది తర్వాత ఊపిరి నిండా అందింది. పదహారో తూము దగ్గర ధర్మరాజు వెనుదిరిగినా కేక మాత్రం వెంటే వచ్చింది. ఇరవై ఏడో తూము తాళం వేసేసరికి ఎండ వాలింది, నీళ్లు మూడు ఫర్లాంగుల వెనక ఉన్నాయి. ఇంకా అయిదు తూములు.

అప్పుడు కేక ఆగిపోయింది.

అలుపేమో అనుకుని లాజరు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. చెయ్యి చెవికి పెట్టుకుని విన్నాడు. కొబ్బరాకుల గాలి తప్ప ఏమీ లేదు. ముందు అయిదు తూముల దగ్గరా శివారుకి ఎగువనున్న రైతులు పలుగులతో కాచుక్కూర్చుని ఉంటారు. శివారులో వీరాయమ్మ చెంబుతో నిలబడి ఉంటుంది. "ప్రభువా!" అనుకుని తాళాల గుత్తి గట్టు మీద పడేసి వెనక్కి పరుగు తీశాడు.

ఆ ఏడు శివారుకి నీళ్లు మూడోరోజుకి గానీ అందలేదు. వీరాయమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది, ఆఫీసులో సంజాయిషీ అడిగారు, లాజరు అన్నీ పడ్డాడు. అవన్నీ తర్వాతి సంగతులు.

నీటి తల ఎదురొచ్చి, పక్కనించి దాటి వెళ్లిపోయింది. లాజరు దానివైపు చూడలేదు. మైలు వెనకాల ఒక కల్వర్టు దగ్గర దోనె అడ్డం తిరిగి, స్తంభాల మధ్య ఇరుక్కుని బోర్లా పడి ఉంది. బాపిరాజు ఛాతీ లోతు నీళ్లలో స్తంభం కావలించుకుని ఉన్నాడు. గట్టెక్కుదామంటే జారుడు, ఒంటికాలు నిలవడం లేదు. కేకలు వేసి వేసి గొంతు పోయింది. లాజరు దూకి, చంకల కింద చేతులు వేసి, బురదలో పొర్లాడుతూ ఆయన్ని గట్టు మీదికి లాగాడు. ఇద్దరూ వెల్లకిలా పడి రొప్పారు.

బాపిరాజు లేచి కూర్చుని కాలవ వైపు చూశాడు. "నీళ్లేవిరా?" అన్నాడు. మాట గుసగుసలాగే వచ్చింది.

"ముందెళ్లిపోయేయండి."

"తూములు?"

"అయిదున్నాయండి."

"బుద్ధుందా నీకు? నాకు ఈతొచ్చు, ఎవడో ఒకడు చూసి లాగేవాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారన్నా వెనక్కొచ్చేవా నువ్వు? ఇవాళేం పుట్టిందిరా?"

లాజరు మొహం మీది బురద తుడుచుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, దాచుకోలేదు.

"పోయినేడాది రావాల్సిందండి," అన్నాడు.

బాపిరాజు చెయ్యి చాపాడు. లాజరు ఆ చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని లేవదీశాడు. ఇద్దరూ మూడు కాళ్లతో, ఇరవై ఎనిమిదో తూము వైపు, నీళ్ల వెనకాల నడవడం మొదలెట్టారు.